సేవకు లైసెన్సు కావలెనా?



ఎం.ఎస్.డబ్ల్యు. ముగించిన మన యువతీ యువకులు సిఫారసు ఉత్తరము కొరకు పాస్టరు ఇంటికి వచ్చినపుడు తరచుగా అడుగు ప్రశ్న యొకటున్నది. "అయ్యగారూ, సోషల్ వర్కరు లైసెన్సుకు దరఖాస్తు ఎక్కడ పెట్టాల?" డాక్టరుకు, వకీలుకు, నర్సుకు రిజిస్ట్రేషను ఉన్నది గదా, మాకును ఉండవలెను గదా అని వారి తలంపు. న్యాయమైన తలంపే.

కాని మన దేశములో సోషల్ వర్కర్లందరికి కలిపి ఒక లైసెన్సు లేదు. ఈ విద్యకు 1936లోనే బొంబాయిలో టాటావారి పాఠశాల వెలసినది. దాని మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మన్షార్ట్ అను అమెరికా మిషనరీ. ఇన్నేండ్లయినను కొన్ని శాఖలకు మాత్రమే చట్టమున్నది. వికలాంగుల పునరావాసములో పనిచేయువారికి 1992 చట్టము క్రింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరున్నది. మానసిక రోగుల కొరకైన సోషల్ వర్కరుకు ఎం.ఎస్.డబ్ల్యు. మీద రెండేండ్ల శిక్షణతో కూడిన ఎం.ఫిల్. కావలెనని 2017 చట్టము చెప్పినది. ఆసుపత్రులలోని సోషల్ వర్కర్లను 2021 నాటి ఆరోగ్య వృత్తుల చట్టము తన పట్టికలో చేర్చినది. ఇంగ్లండు వెళ్లదలచినవారు 2019 డిసెంబరులో పని ప్రారంభించిన సోషల్ వర్క్ ఇంగ్లండ్‌లో నమోదు కానిదే అక్కడ ఆ ఉద్యోగము చేయరాదు.

"సేవకు లైసెన్సేమిటి? సమరయుడు ఎవరికి పట్టా చూపెను?" అని పెద్దలందురు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడుడి. విధవరాండ్రకు అనుదిన పంపకములో లోపము జరిగినదని సణుగుడు పుట్టినపుడు, ఇష్టమున్నవారెల్ల రండని అపొస్తలులు పిలువలేదు. మంచిపేరు, ఆత్మ, జ్ఞానము గలవారిని ఏడుగురిని ఏర్పరచుమనిరి, తరువాతనే చేతులుంచిరి. మా పాస్టర్లకును అంతే గదా, ముందు డీకను, పిమ్మట ప్రెస్బిటరు!

మన సీమ సంగతి తీసికొందము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ ఎండును, బోరు ఎండును, అప్పు మాత్రము ఎండదు. భర్త అప్పులకు తాళలేక ప్రాణము తీసికొనిన ఇల్లాలు, సంచి తగిలించుకొని వచ్చిన మనిషికి ఎవరికిని చెప్పని మాట చెప్పును. ఆ మాట ఎక్కడికి పోవును? మన సంగతి చెప్పవలెనంటే, బుధవారము కూటములో "ఫలాని ఇంటి కొరకు ప్రార్థింతము" అని వివరముగా చెప్పుదుము. గురువారమునకు వీధి వీధికి తెలియును. దీనిని ప్రేమ అనుకొందుము. రహస్యము కాపాడుట ఆ వృత్తిలో నియమము. లైసెన్సు అనగా, ఆ నియమము తప్పినవానిపై ఆ ఇల్లాలు ఫిర్యాదు చేయుటకు ఒక గుమ్మముండుట. నేడు ఆమెకు ఆ గుమ్మము లేదు.

అయితే డిగ్రీ లేనివారిని త్రోసివేయు లైసెన్సు నాకు సమ్మతము కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురము వచ్చి ఆరంభించిన పని గ్రామస్థులు చేతులు కలుపనిదే సాగెడిది కాదు. 2015 బాలల న్యాయ చట్టము కూడ, పిల్లల మేలుకై ఏడేండ్లు పనిచేసిన అనుభవమును బోర్డు సభ్యత్వమునకు అర్హతగా ఎంచినది. అట్టి దారి ఉండవలెను.

కనుక ఉత్తరమునకు వచ్చు బిడ్డలారా, మార్కుల జాబితాలతోపాటు ఫీల్డువర్కు రికార్డు, పర్యవేక్షకుల సంతకములు భద్రము చేసికొనుడి. ఏ రిజిస్టరుకైనను అవి అక్కరకు వచ్చును. నేను చూచినదే వ్రాయుదును. ఏ పల్లెలో ఎన్ని నెలలు తిరిగితిరో ఆ నోటుపుస్తకము తెండి. లోపలి పేర్లు మాత్రము నాకు చూపవద్దు.