విక్టోరియా రాకుమారి బాల్యము



విక్టోరియా రాణి బొమ్మ గల వెండి రూపాయలు పాత పెట్టెలలో నేటికిని అక్కడక్కడ దొరకుచుండును. 1858 మొదలుకొని ఈ దేశముకూడ ఆమె పేరనే పాలింపబడెను. అట్టి రాణి, సింహాసన మెక్కు నాటివరకును, ఒకరి చేయి పట్టుకొనక మేడమెట్లు దిగుటకైనను అనుమతి లేని బాలిక యనిన నమ్ముట కష్టము. కాని యిది సత్యము.

ఆమె తండ్రి ఎడ్వర్డు, మూడవ జార్జి రాజునకు నాలుగవ కుమారుడు. తల్లి జర్మనీ రాజకుటుంబపు స్త్రీ; మొదటి భర్త పోగా ఇద్దరు బిడ్డలతో ఎడ్వర్డును పెండ్లాడెను. తన సంతానము ఇంగ్లండు గడ్డమీదనే పుట్టవలెనను పట్టుదలతో ఎడ్వర్డు నిండుచూలాలగు భార్యను జర్మనీనుండి గుఱ్ఱపుబండిలో తీసికొనివచ్చెను. దారి ఖర్చులు సైతము అప్పే. 1819 మే 24వ తేదీన లండనులోని కెన్సింగ్టన్ సౌధమున శిశువు జన్మించెను. ఎనిమిది నెలలకే తండ్రి జబ్బుచేసి మరణించెను, అప్పులు మిగిలెను. వానిని రాణి యైన పిదప ఈ కుమార్తెయే తీర్చెను.

తల్లి పరదేశమున ఒంటరి. అక్కడి భాషయు సరిగా రాదు. ఆ స్థితిలో జాన్ కాన్‌రాయ్ అను ఉద్యోగి ఆమె వ్యవహారములన్నియు తన చేతిలోనికి తీసికొనెను. ఇతని లెక్క సులభమైనది. బాలికకు పదునెనిమిదేండ్లు నిండకముందే రాజు మరణించినచో, రాజ్యభారము తల్లికి వచ్చును. తల్లి తన మాట వినును. ఇందుకై బాలికకు ఇతరులతో పొత్తు లేకుండ కట్టుదిట్టములు చేసిరి. రాత్రివేళ తల్లి గదిలోనే పడక. పగలు ఎవరో యొకరు చెంత నుండవలెను. తోడి పిల్లలతో స్వేచ్ఛగా ఆడుకొనుట లేదు. ఇది యంతయు బిడ్డ క్షేమమునకే యని చెప్పుచుండిరి. తల్లియు అట్లే నమ్మెనేమో! ఆమెను రాక్షసిగా తలచుట న్యాయము కాదు. కాని బిడ్డను కాపాడుట వేరు, బిడ్డను చేతిలో నుంచుకొనుట వేరు అను సంగతి ఆమెకు తోచలేదు.

ఆటకు చెలికత్తెలు లేరు గనుక కొయ్యబొమ్మలే చెలికత్తెలైనవి. అవి 132. వానిలో 32 బొమ్మలకు రాకుమారి స్వయముగా దుస్తులు కుట్టెను. తక్కిన వానికి బట్టలు కుట్టుటలో తోడ్పడినది లేజెన్ అను జర్మను ఉపాధ్యాయిని, ఒక మతాచార్యుని కుమార్తె. ఆ యింట బాలిక పక్షమున నిలిచినది ఈమె యొక్కతెయే. డేవిస్ అను గురువు చదువు నేర్పెను. ఫ్రెంచి, జర్మను, కొంత లాటిను, చరిత్ర, లెక్కలు, చిత్రలేఖనము, సంగీతము అన్నియు సాగెను. నేర్చుకొను నభిలాష ఆమెను వార్ధక్యమునను విడువలేదు. 1887 తరువాత, అరువదేండ్లు దాటిన వయసున, ఆగ్రానుండి వచ్చిన అబ్దుల్ కరీం అను మున్షీయొద్ద హిందూస్తానీ వ్రాయ నేర్చెను.

తాను సింహాసనమున కెంత చేరువనున్నదో 1830 వరకు ఆమెకు స్పష్టముగా తెలియదు. ఆ యేట చరిత్ర పుస్తకములో రాజవంశవృక్షము కనబడగా, తన పేరు ఏ కొమ్మ చివర నున్నదో తానే గ్రహించెను. అప్పటికి ఆమెకు పదునొకండేండ్లైనను నిండలేదు.

పదుమూడవ యేట దినచర్య వ్రాయ నారంభించెను. ఆ పుస్తకమునుకూడ తల్లి చదువుచుండెను! కావున ఆ పుటలలో బండ్లు, గుఱ్ఱములు, విందులు, నాటకములు, డాష్ అను చిన్నకుక్క సంగతులు కనబడునే గాని, మనసులోని మాట కనబడదు. వ్రాయు పిల్లకు ఇంతకన్న శిక్ష యేమున్నది?

1835లో రామ్స్‌గేట్ అను సముద్రతీరపు పట్టణమున ఆమెకు తీవ్రమైన జ్వరము వచ్చెను. మంచముపై నున్న పిల్లచేత కాన్‌రాయ్ ఒక కాగితముమీద సంతకము చేయింప ప్రయత్నించెను. రాణి యైనచో తనను ఆంతరంగిక కార్యదర్శిగా నియమించుటకు అది అంగీకారపత్రము. తల్లియు బలవంతము చేసెను. పదునారేండ్ల పిల్ల, లేవ శక్తి లేనిది, సంతకము చేయలేదు. లేజెన్ ప్రక్కనే నిలిచెను.

రాజగు నాలుగవ విలియమునకు ఈ పన్నాగము తెలియును. పిల్లకు వయసు నిండువరకు బ్రతుకవలెనని 1836లో నిండు విందులో, తల్లి యెదుటనే చెప్పి, సభను నివ్వెరపఱచెను. ఆయన కోరిక నెరవేరెను. 1837 మే 24న ఆమెకు పదునెనిమిదేండ్లు నిండెను. ఇరువదియేడు దినములకు, జూన్ 20న, రాజు కన్నుమూసెను.

ఆ యుదయము ఆరు గంటలకు తల్లియే వచ్చి లేపెను. ప్రధాన మతాచార్యుడును, రాజసౌధపు పెద్ద అధికారియు వార్త తెచ్చి కాచుకొనియుండిరి. రాత్రి దుస్తులమీద పైయంగీ వేసికొని ఆమె వారియొద్దకు పోయెను. ఒంటరిగా పోయితినని ఆనాటి దినచర్యలో వ్రాసికొనెను. మంత్రులను చూచినదియు ఒంటరిగానే యని మరల మరల వ్రాసెను. కాన్‌రాయ్‌ను తన కొలువున చేర్చుకొనలేదు. ఆ దినముననే తన పడకను తల్లి గదినుండి తీయించి వేరొక గదిలో వేయించెను.