ఏ యంత్రానికి ఆ కందెన

(పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మన పెద్దలు వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి బండి ఇరుసుకు కందెన వేసేవారు. ఏ పనికి ఏ నూనె అన్న వివేకం వారికి ఉండేది. పాలు చల్లబరిచే యంత్రాలు వచ్చాక ఆ వివేకం మరింత అవసరమైనది.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాము. కొన్నేళ్ల క్రితం ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తూ, చవక గ్రీజు కొని పొదుపు చేసినందుకు మెచ్చుకొని రిమార్కు వ్రాశాము. అది సోడా రకం గ్రీజు. దానిని ఎప్పుడూ నీళ్లు పడే పంపు బేరింగుకు పెట్టారు. ఒక సాయంత్రం బేరింగు పట్టేసింది. చల్లనీళ్లు ఆగిపోయి ఆ పూట పాలు విరిగినవి. మెచ్చుకోలు మాది, నష్టం సభ్యులది.

గ్రీజు అంటే సబ్బులో పట్టి ఉంచిన నూనె. సబ్బును బట్టి గుణం మారుతుంది. సున్నపు సబ్బుతో చేసిన మామూలు గ్రీజు నీటికి ఆగుతుంది గాని ఎక్కువ వేడికి ఆగదు. సోడా సబ్బుది వేడికి ఆగుతుంది గాని నీటికి కొట్టుకుపోతుంది. ఈ రెండు లోపాలనూ దాటడానికి చేసిన పరిశోధన ఫలితమే లిథియం గ్రీజు. 1942లో అమెరికాలో దీనికి పేటెంటు లభించినది. ఇప్పుడు దీనిలో ఎక్కువగా వాడే సబ్బు ఆముదం నుండి తీసినదే. మన మెట్ట చేలలో పండే ఆముదం బండి ఇరుసును విడిచి బేరింగులో చేరినదన్నమాట!

సరైన కందెన వాడకం వంటి జాగ్రత్తలతో పరిశ్రమలకు ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని 1966లో బ్రిటన్‌లో జోస్ట్ కమిటీ అంచనా వేసినది.

పాలు తగిలే అవకాశమున్న చోట్లకు ప్రత్యేకంగా 'హెచ్-1' రకం కందెనలు ఉన్నవి. వీటిలో బాగా శుద్ధి చేసిన తెల్లనూనె వంటివి వాడుతారు. అయినా పొరపాటున ఆహారంలో కలిసే ఖనిజ నూనె పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదని అమెరికా నిబంధన. 'హెచ్-2' రకం ఆహారం తగలని చోట్లకే.

కనుక సంఘాలవారు ఈ జాగ్రత్తలు పాటించాలి:

1. స్టాకు రిజిస్టరులో 'గ్రీజు ఒక కిలో' అంటే చాలదు. యంత్రంతో వచ్చిన పుస్తకం చూచి రకం, గ్రేడు వ్రాయండి.

2. రెండు రకాల గ్రీజులు కలపవద్దు. పలచబడి కారిపోవచ్చును.

3. బేరింగులో గ్రీజు కూరవద్దు. ఎక్కువైనా వేడెక్కుతుంది.

4. డబ్బాలకు మూతలు పెట్టి, రంగు గుర్తులు వేయండి.

సభ్యులు కూడా సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి అడగండి. ధర తక్కువా అని మాత్రమే గాక, ఆ చోటుకు తగినదా అని అడగండి. మేమూ ఇప్పుడు తనిఖీలో ఆ ప్రశ్నే ముందు వేస్తున్నాము.