నిలిచిన మరబోటు, ఇంజను నూనె

విశాఖ చేపలరేవులో ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరబోట్లు వేట మాని నిలిచియుండును. ఈ 61 దినములు ఇంజనుకు విశ్రాంతియని మేమును తలంచితిమి. కాని పాత ఇంజనుకు పరుగుకన్న నిలుకడయే చేటు. వాడిన నూనెలో ఆమ్లములు, చెమ్మ చేరియుండును. కదలిక లేనప్పుడు అవి బేరింగులను మెల్లగా తినివేయును. వేటకు పోవునాడు మార్చుదమని ఆగి, ఒక వేసవి బేరింగులే పోగొట్టుకొంటిమి. నూనె ఖరీదని గొణిగినవారము మేమే!

శ్రోతలలో బోటు గలవారు కట్టివేయునాడే, ఇంజను వెచ్చగా నుండగనే, పాత నూనె దింపి, ఫిల్టరు మార్చి, కొత్తది పోసి కొంతసేపు నడుపవలెను. నూనె చూచు కడ్డీపై పాలవంటి తెలుపు కనబడినచో నీరు చేరినదన్నమాట. అప్పుడు నూనె మార్చి ఊరకుండరాదు. ఆ నీరు హెడ్డు గాస్కెట్టునుండి వచ్చినదో, కూలరునుండి వచ్చినదో వెదకవలెను.