కంచి మగ్గానికి ఒక గది

(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మ్యూజియంలలో ప్రదర్శన గదులు అమర్చడం నా వృత్తి. ఇది కూడా ఒక చదువేనా అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. అందుకని నేను అమర్చిన ఒక్క గది గురించే చెబుతాను. కంచి పట్టు నేతను చూపించే గది అది.

మాది కాంచీపురంలో నేత ఇల్లు. తరతరాలుగా తమిళనాట ఉన్నా ఇంట్లో తెలుగే. పడుగు, పేక, నాడె, కండె అన్న మాటలు బడికి వెళ్ళకముందే వచ్చేశాయి. కనుక ఈ పని నాకు సులువే అనుకున్నాను.

మొదటి చిక్కు వెలుగుతో వచ్చింది. పట్టుకు వెలుగు పడదు. రంగు వెలుస్తుంది, పోగు పెళుసవుతుంది, ఆ నష్టం మళ్ళీ పూడదు. పాత పట్టుబట్టల మీద 50 లక్స్ మించి వెలుగు పడకూడదన్నది మ్యూజియంలలో సాధారణంగా పాటించే లెక్క. ఎండలోంచి వచ్చినవారికి అది చీకటిలాగే ఉంటుంది. అందుకని గదికి ముందు చిన్న నడవా పెట్టి వెలుగును అంచెలంచెలుగా తగ్గించాం. పాత చీరను మడత లేకుండా పరిచాం, మడత దగ్గర జరీ విరుగుతుంది కనుక. కొత్తగా నేయించిన ముక్క ఒకటి తాకి చూడడానికి విడిగా ఉంచాం. పిల్లల్ని రమ్మని పిలిచి, అంతటా ‘తాకరాదు’ అని రాసిపెట్టడం నాకు నచ్చదు.

రెండో చిక్కు గుంట మగ్గానిది. గది మేడ మీద ఉంది, నేల తవ్వే వీలు లేదు. రెండడుగుల ఎత్తు అరుగు కట్టి అందులో గుంట వదలాలి. చూసేవాళ్ళనూ అరుగు ఎక్కిద్దామంటే చక్రాల కుర్చీలో వచ్చేవారికి వాలుబాట కావాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల లెక్కన 24 అడుగులు. మా గది పొడవే 24 అడుగులు! చివరికి మగ్గాన్ని మాత్రమే పైన ఉంచి, చూసేవాళ్ళను కిందే నిలబెట్టాం. మా ఇంటికి బేరానికి వచ్చినవాళ్ళు నిలబడి, గుంటలో ఉన్న నాయనను కిందికి చూస్తూ మాట్లాడేవారు. ఇక్కడ నేసేవారి ముఖం చూసేవారి ముఖానికి ఎదురుగా వచ్చింది. చోటు చాలక చేసిన ఏర్పాటే గానీ, ఆ గదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

పటాలు పూర్తయ్యాక ఇంటికి తీసుకెళ్ళి అక్కకు చూపించాను. చాలాసేపు చూసి, “నా చోటేదిరా?” అంది.

అంచు ఒక రంగు, నడుమ ఒక రంగు ఉండే కంచి చీరకు మూడు నాడెలు కావాలి. రంగులు కలిసే చోట ప్రతి వరుసలోనూ పేక పోగులు ఒకదానికొకటి మెలిక పడాలి. దీన్ని కోర్వై అంటారు. చీరాల వైపు కుప్పడం చీరల్లో ఉన్నదీ ఇలాంటి పనే. ఒక్కరి చేతులు చాలవు. పక్కన ఇంకొకరు కూర్చుని ఒక అంచు నాడె ఆడించాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషి అక్క. 1988లో ఐదో తరగతితో బడి మాన్పించి కూర్చోబెట్టారు. కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత నాయనకు లేదు. 1986 బాలకార్మిక చట్టం నిషేధ జాబితాలో నేత ఉన్నా, ఇంటివాళ్ళతో ఇంటిపట్టున చేసే పనికి అది వర్తించలేదు. ఆ చీరల కూలితోనే నా ఫీజులు కట్టారు. ఆ ఇంట్లో పుట్టిన నేనే మగ్గానికి ఒక్క పలక గీశాను.

రెండో పలక చేర్చి, పక్కన ఆరు వాక్యాలు రాశాను. పిల్లల పని మాట ఎత్తితే పట్టు పేరు చెడుతుందని నిర్వాహకులు సందేహించారు. మూడు సమావేశాలయ్యాక రెండు వాక్యాలు మిగిలాయి. తక్కిన నాలుగూ ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాను. పక్కన కూర్చునేవారు దొరకక కోర్వై తగ్గిపోతోందని చాలామంది బాధపడతారు. ఆ పనితనం నాకూ ప్రాణమే. కానీ పిల్లలు బడికి వెళ్ళినందువల్ల తగ్గితే నేను బాధపడలేను. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, తగిన కూలి ఇవ్వాలి.

విద్యార్థులకు ఒక మాట. బరంపురం పట్టు గానీ, షోలాపూరు దుప్పటి గానీ, మీ ఇంటి పనిముట్లు పాతసామానుకు వెళ్ళేలోపు కొలతలు రాసుకోండి, ఎవరు ఎక్కడ కూర్చునేవారో అడగండి. చెన్నై వస్తే దక్షిణచిత్రలో కంచి నేతగాళ్ళ ఇల్లు చూడండి. ఈ చదువు మీద ఆసక్తి ఉంటే అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ గురించి తెలుసుకోండి. తల్లిదండ్రులను ఒకటే అడుగుతాను: ఒక బిడ్డ చదువుతుంటే, ఇంట్లో పని ఎవరి మీద పడుతోంది?

గది తెరిచిన రోజు అక్క వచ్చింది. చీర వైపు వెళ్ళలేదు. నేరుగా రెండో పలక దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టి చూసి, “రెండంగుళాలు ఎత్తెక్కువైంది, ఇక్కణ్ణించి నాడె అందదు” అంది. మర్నాడు వడ్రంగిని పిలిచి తగ్గించాం.