కాలము తెరచు తాళము

తెలుగున ‘గడియ’ యను మాటకు రెండర్థములు కలవు. తలుపునకు వేయునదియు గడియయే. 24 నిమిషముల కాలమును గడియయే. ఈ రెండర్థములు కలిసిన వస్తువును గూర్చి శ్రోతలతో నేడు ముచ్చటింపదలచినాము. అది నియమించిన వేళ వచ్చిన గాని తెరచుకొనని తాళము.

ఈ తాళము బ్యాంకులలో ప్రసిద్ధికెక్కినది. పూర్వము దొంగలు ఇనుపపెట్టెను పగులగొట్టుటకు బదులు, దానిని తెరచు అంకెలు తెలిసిన ఉద్యోగిని పట్టి బాధించెడివారు. 1876 జనవరిలో అమెరికాలోని నార్తాంప్టన్ పట్టణమున దొంగలు రాత్రివేళ క్యాషియరు ఇల్లు చొచ్చి, అతనిచే అంకెలు చెప్పించుకొని బ్యాంకును దోచిరి. ఇట్టి ఆపదకు విరుగుడును రోచెస్టర్ నగరమునకు చెందిన జేమ్స్ సార్జెంట్ 1873లోనే రూపొందించి యుండెను. తాళములో గడియారపు యంత్రమును అమర్చి, సాయంకాలము తలుపు మూయునప్పుడు ఇన్ని గంటలని త్రిప్పి పెట్టుదురు. ఆ గంటలు గడచు వరకు అంకెలు తెలిసినవానికైనను తలుపు తెరచుకొనదు. యజమాని తన అధికారమును ఉదయము వరకు తానే వదలుకొనుచున్నాడు. అతనిని బెదరించిన ఫలము లేదు గనుక, బెదరించు దొంగకును ఆశ సన్నగిల్లును.

అయితే గడియారము నడుమ ఆగిపోయిన నేమి గతి? ఈ ప్రశ్న తాళములు చేయువారికి మొదటనే తోచినది. అందుచే ఒకే తాళమున రెండు మూడు గడియారములను బిగించుట ఆచారమైనది. వానిలో ఏ ఒక్కటి సరిగా నడచినను తలుపు తెరచుకొనును. పొరపాటున మనిషి లోపల చిక్కుకొన్నచో గాలి యందుటకు కొన్ని ఖజానా గదులకు ప్రత్యేకమైన గాలిమార్గములను ఏర్పరచిరి. మూయుటయందు ఎంత శ్రద్ధయో, తెరచుటయందును అంత శ్రద్ధ యుండవలెనని దీని సారము.

నేడు ఈ తాళము చిన్నదై, బ్యాటరీతో నడచుచు, ఇండ్లలోనికి వచ్చినది. పరీక్షకు చదువుకొను విద్యార్థి తన సెల్‌ఫోనును, పొగత్రాగుట మానదలచినవాడు తన సిగరెట్లను అట్టి పెట్టెలో తామే ఉంచి మూయుచున్నారు. పెద్దవారు పరస్పర సమ్మతితో శరీరమునకు తగిలించుకొను తాళములును కలవు. వీనిని వాడువారు కొన్ని నియమములు పాటింపక తప్పదు.

మొదటిది సమ్మతి. ఒకరి వస్తువును వారి నడుగక బంధించుట నిగ్రహము కాదు, నిర్బంధము. ఇచ్చిన సమ్మతిని ఏ క్షణముననైనను వెనుకకు తీసుకొను హక్కు ఇచ్చినవారికి ఉండవలెను.

రెండవది, పెట్టెలో నుంచగూడనివి. మందులు, ఉబ్బసమువారు పీల్చు మందుగొట్టము, ఇన్సులిన్, కళ్లజోడు, ఇంటి తాళపుచెవి, ఇంట నున్న ఏకైక ఫోను అందు పెట్టరాదు. ఆపత్సమయమున 112 అంకెకు పిలుచుటకు ఒక ఫోను ఎల్లప్పుడును వెలుపల నుండవలెను.

మూడవది పరీక్ష. క్రొత్త పెట్టెను మొదట ఖాళీగా, కొద్ది నిమిషములకు మాత్రమే మూసి చూడవలెను. బ్యాటరీ అయిపోయినచో అది తెరచుకొనునా, మూసియే యుండునా యనునది ముందే తెలిసికొనవలెను.

నాలుగవది రెండవ దారి. అత్యవసర విడుదల ఆ గడియారముపైనను, ఆ బ్యాటరీపైనను ఆధారపడరాదు. మారు తాళపుచెవిని కవరులో నుంచి అంటించుడు. చపలచిత్తమును ఆపుటకు ఆ కాగితము చాలును. ఆపదలో దానిని చింపుటకు క్షణము చాలును. మారుచెవి లేనిచో పెట్టెను పగులగొట్టుటకు వెనుదీయరాదు. పెట్టె మరల కొనవచ్చును.

ఐదవది దేహము. మెడకు ఏ తాళమును తగిలింపరాదు. ఒంటరిగా నున్నప్పుడు, నిద్రించునప్పుడు, మద్యము సేవించినప్పుడు దేహమునకు తాళము వేయరాదు. చేతులు స్వేచ్ఛగా నున్న మరియొకరు, చెవితోను, కత్తిరించు పనిముట్టుతోను ప్రక్కనే యుండవలెను. తిమ్మిరి, వాపు, రంగు మారుట, ఊపిరి యాడకుండుట కనిపించిన తక్షణమే విడిపింపవలెను. మిగిలిన గంటల లెక్క అప్పుడు చూడరాదు. తాళము రానిచో సిగ్గుపడి దాచక సహాయము కోరవలెను. వైద్యులు ఇట్టివానిని చూచియే యుందురు.

మనుషులున్న గదికి గాని, పిల్లలు దూరగల పెట్టెకు గాని ఇట్టి తాళమే కూడదు. 1911 మార్చి 25న న్యూయార్కులోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారమున మంటలు చెలరేగి 146 మంది మరణించిరి; బయటికి పోవు తలుపొకటి తాళము వేసి యుండెను. పారవేసిన రిఫ్రిజిరేటర్లలో దాగి పిల్లలు ప్రాణములు కోల్పోవుచుండగా, వాని తలుపులు లోపలి నుండియు తెరచుకొనవలెనని అమెరికా 1956లో చట్టము చేసినది. తలుపును కొద్దిసేపు ఆపు తాళములకు అచటి అగ్నిరక్షణ నియమము సాధారణముగా 15 సెకనులే అనుమతించును. అగ్నిప్రమాద సూచన మ్రోగినను, విద్యుత్తు పోయినను అవి వెంటనే విడిపోవలెను.

కావున తాళము నొక్కుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: కరెంటు పోయి, గడియారము ఆగి, మనిషికి అస్వస్థత కలిగినచో దీనిని ఎంతసేపటిలో తెరువగలము? జవాబు తడుముకొనక వచ్చినచో మూయవచ్చును. రానిచో, ఆ జవాబు దొరకువరకు దానిని తెరచియే యుంచుడు.