వి.పి.ఎన్. - ప్రయోజనము, పరిమితి

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున, పద్దులు వ్రాసి జీవించు నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు కోరిరి. కావ్యములు గురుముఖమున గాక ఈ బీరువాలనుండియే నేర్చినవాడను. తప్పులున్న మన్నింపుడు.

విశాఖదత్తుని ముద్రారాక్షసము మీలో పలువురు చదివియుందురు. రాక్షసమంత్రి ముద్రిక చాణక్యుని చేతబడెను. ఆ ముద్ర వేసిన కపటలేఖయే రాక్షసునికిని మలయకేతునకును నడుమ చీలిక తెచ్చినది. లేఖకు ముద్ర యున్న చాలదు. ముద్ర యెవరి చేత నున్నదనుటయే ముఖ్యము. వి.పి.ఎన్.కును ఈ నీతియే వర్తించును.

మనము ఫోనులో పంపు సమాచారము ఇంటర్నెట్టు నిచ్చు సంస్థ మీదుగా పోవును. వి.పి.ఎన్. దానిని సంకేతలిపిగా మార్చి, దూరముననున్న తన సర్వరుకు చేర్చి, అచట విప్పి, గమ్యమునకు పంపును. నడుమనున్నవారికి మనము ఆ సర్వరుతో మాటాడుచున్నామని మాత్రమే తెలియును. మనము చూచు వెబ్‌సైటుకు మన ఐ.పి. చిరునామాకు మారుగా సర్వరు చిరునామా కనబడును.

1990 దశకమున ఇది దూరపు ఉద్యోగులను కార్యాలయపు కంప్యూటర్లతో కలుపుటకు వ్యాపించినది. 2020లో కరోనా వచ్చినపుడు ఇండ్లకు చేరిన ఉద్యోగులెందరో ఈ దారినే కొలువు చేసిరి. రైల్వేస్టేషనులోని ఉచిత వైఫై వాడునపుడును ఇది మంచి మరుగు.

అయితే, ఇతరులకు కనబడని మన రాకపోకలు వి.పి.ఎన్. నడుపువానికి కనబడగలవు. ఉచితముగా నిచ్చువాడు తన ఖర్చు నెట్లు రాబట్టుకొనునని అడుగవలెను. దీని చాటున నేరము దాగునని భ్రమపడరాదు. చందాదారుల వివరములు కనీసము 5 ఏండ్లు భద్రపరుపవలెనని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ ఆదేశించినది.

లెక్కలు వ్రాయువాడనయ్యు నేనా ప్రశ్న అడుగలేదు. నిరుడు ఒక ఉచిత వి.పి.ఎన్. పెట్టుకొని, ఇక భయము లేదనుకొంటిని. బ్యాంకువాడనని ఒకడు ఫోను చేయగా ధైర్యముగా ఓటీపీ చెప్పితిని. 8,000 రూపాయలు పోయినవి. దారికి మరుగున్నది, ముద్రను మాత్రము నా నోటితో నేనే యిచ్చితిని. సిగ్గుచే నెలనాళ్లు ఇంటివారికిని చెప్పలేదు. అట్టిది జరిగిన తత్క్షణమే 1930కి ఫోను చేయవలెనని తెలియునప్పటికి కాలము మించినది.

పరుల పద్దులలో పైస తప్పు పట్టువాడనని నాకు పేరు. ఆ పేరు పోయినను సరే, మీలో నొక్కరైన సిగ్గుపడి ఆలసింపకుండుటకై చెప్పితిని. ఈ గదిలో చదువు నేర్చితిని. నా నష్టమును ఈ గది పద్దులోనే జమకట్టుచున్నాను.