మళ్లీ వచ్చిన మనిషిని ఆదరించండి

ఈరోజు పట్టాలు అందుకుంటున్న వైద్యులకు, నర్సులకు, మనస్తత్వ నిపుణులకు హృదయపూర్వక అభినందనలు.

హెరాయిన్‌కో, నొప్పి మాత్రలకో బానిసై, చికిత్సతో మానేసి, మళ్లీ మొదలుపెట్టిన మనిషి రేపు మీ ముందు కూర్చుంటాడు. ‘వీడిక బాగుపడడు’ అని ఇంటివాళ్లు అప్పటికే తేల్చేసి ఉంటారు. మీరు మాత్రం ఆ మాట అనకండి.

వియత్నాం నుంచి 1971లో తిరిగొచ్చిన అమెరికా సైనికులను పరిశోధకురాలు లీ రాబిన్స్ పరిశీలించారు. అక్కడ దాదాపు ఐదోవంతు మంది హెరాయిన్, నల్లమందులకు బానిసలయ్యారు. స్వదేశం చేరిన తొలి ఏడాదిలో వారిలో మళ్లీ బానిసలైనవారు నూటికి ఐదుగురే. చోటు మారడం, యుద్ధభయం తొలగడం వారికి కలిసొచ్చాయి. మన రోగులకు ఆ అవకాశం తక్కువ. చికిత్స ముగిశాక పాత వీధికే, పాత స్నేహాలకే, పాత గొడవలకే వెళ్తారు. కెంటకీలోని లెక్సింగ్టన్ ఆస్పత్రిలో వైద్యుడు ఏబ్రహాం విక్లర్ గమనించిందేమిటి? మత్తు మాని నెలలైనవారికి కూడా, దాని ప్రస్తావన రాగానే ఆవులింతలు వచ్చేవి, కళ్లూ ముక్కూ కారేవి. మనసు నేర్చుకున్నదాన్ని శరీరం అంత తేలిగ్గా మరచిపోదు.

దిగులు, నిద్రలేమి, ఒంటరితనం మత్తు కోరికను రగిలిస్తాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది సిగ్గు. ఒక్కసారి తప్పటడుగు వేసినవాడు ‘ఎలాగూ చెడిపోయాను’ అనుకుంటే అక్కడితో ఆగడు. ఈ మానసిక స్థితిని మనస్తత్వవేత్త అలన్ మార్లట్ వివరంగా చర్చించారు. పైగా కొంతకాలం మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, ప్రాణమే పోవచ్చు. చీవాట్లకు భయపడి అతను ఆస్పత్రికి రాకపోతే, ఆ ఆలస్యానికి మనమూ బాధ్యులమే.

అందుకే ‘ఎందుకు వాడావు?’ అని నిలదీయకండి. ‘ఆ రోజు ఎక్కడున్నావు? పక్కన ఎవరున్నారు? ముందురాత్రి నిద్రపట్టిందా?’ అని అడగండి. ఆ జవాబుల్లోనే తర్వాతి చికిత్స ఉంటుంది. చికిత్సలో ఇచ్చే బుప్రెనార్ఫిన్, మెథడోన్ మందులు మరణాలను తగ్గిస్తాయని రుజువైంది. ‘ఇదీ మత్తేగా’ అన్నవారికి ఓపికగా చెప్పండి, తొందరపడి మందు ఆపించకండి. మోతాదు మించితే ప్రాణం నిలిపే నాలోక్సోన్ గురించి కుటుంబానికి నేర్పండి.

పదోసారి వచ్చిన రోగినీ మొదటిసారి వచ్చినవాడిలాగే పలకరించే ఓర్పు మీకు కలగాలి. మీ చేతుల మీదుగా ఎన్నో ఇళ్లు నిలబడాలని మనసారా దీవిస్తున్నాను. శుభం.